లెడ్‌విల్ పెద్దాయన, మనవాళ్ల కాండోలు

డెన్వర్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కలిస్తే నవంబరులో రెండు మాటలు తప్పకుండా వస్తాయి. ఈ ఏడు ఎపిక్ పాస్, అంటే సీజనంతా స్కీయింగ్ చేసుకునే టికెట్, తీసుకున్నారా అన్నది ఒకటి. బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ ఊళ్లో కాండో, అంటే అపార్ట్‌మెంటు, కొని రోజువారీ అద్దెకు ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే ఎంత మిగులుతుంది అన్నది రెండోది. ఈ పాస్‌కీ ఆ కాండోకీ మధ్య ఇంకో మనిషి ఉన్నాడు. మనల్ని కొండమీదికి తీసుకెళ్లే కుర్చీల లిఫ్ట్ ఎక్కేటప్పుడు కుర్చీ వచ్చి మోకాళ్ల వెనక కొట్టకుండా చేత్తో పట్టి ఆపే మనిషి. ఆయన ఊసు రాదు. ఎప్పుడైనా వచ్చినా రెండే రకాలుగా వస్తుంది. "అరవై దాటినట్టున్నాడు పాపం, ఇంకా లిఫ్ట్ దగ్గరే నిలబడుతున్నాడు, లైఫ్‌లో సెటిల్ కాలేదేమో" అంటారు ఒకరు. "అదేం కాదండీ, వాళ్లకు డబ్బుతో పనిలేదు, కొండలంటే ప్రాణం" అంటారు ఇంకొకరు.

రెండూ తప్పేనని నా వాదన. మొదటి మాట మన ఊళ్ల నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నది. రెండోది రిసార్టుల ప్రకటనల్లోంచి వచ్చింది. నన్నడిగితే రెండోదే ఎక్కువ చేటు చేస్తుంది. జాలి పడితే ఎదుటివాడికి కనీసం కోపం వస్తుంది. పొగడ్త అలా కాదు, నవ్వుతూ జేబు కొడుతుంది.

నేను సింగరేణి క్వార్టర్‌లో పెరిగినవాణ్ణి. నాన్న అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ ప్రకారమే మా ఇంట్లో వంటా, నిద్రా, చివరికి మా అల్లరీ నడిచేవి. అందుకేనేమో, స్కీయింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ నా కన్ను ముందు మంచు మీద పడదు, తెల్లవారుజామున నైట్ షిఫ్ట్ దిగి పార్కింగ్ వైపు నడిచే మనుషుల మీద పడుతుంది. పెద్దాయన పరిచయం అయిందీ అలాగే.

ఆయన పేరు రాయొద్దన్నాడు. ఏ కొండ మీద పనిచేస్తాడో కూడా రాయొద్దన్నాడు, ఇంకో రెండు సీజన్లు వాళ్ల దగ్గరే చెయ్యాలట. కాబట్టి పెద్దాయన అనే అంటాను. ఎనభైల మొదట్లో మిడ్‌వెస్ట్ నుంచి ఒక్క చలికాలం ఉండి పోదామని వచ్చాడు, ఉండిపోయాడు. మొదట లిఫ్ట్ దగ్గర చేశాడు. తర్వాత చాలా ఏళ్లు స్కీ ప్యాట్రోల్, అంటే కొండ మీద జనం భద్రత చూసే దళం. మోకాలు పాడయ్యాక రాత్రిళ్లు మంచు సాపు చేసే స్నోక్యాట్ బండి నడిపాడు. ఇప్పుడు మళ్లీ లిఫ్ట్ దగ్గరకే వచ్చాడు. ఎండాకాలంలో లిఫ్టుల మరమ్మతు ఉంటే అది, లేకపోతే వడ్రంగం.

ఉండేది కొలరాడో కొండల్లోని లెడ్‌విల్‌లో. సముద్రమట్టానికి 10,152 అడుగుల ఎత్తు. అమెరికాలో మున్సిపాలిటీ హోదా ఉన్న నగరాల్లో ఇంతకన్నా ఎత్తున ఇంకోటి లేదు. అక్కడ నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకబెడదామనుకుంటే సాయంత్రం దాకా గిన్నెకు కాపలా కాయాల్సిందే. మా ఆవిడ ఒకసారి కుక్కర్ వెంట తీసుకెళ్లి, మామూలుకన్నా నాలుగు కూతలు ఎక్కువ వేయించి, వాళ్లింట్లో పప్పుచారు పెట్టింది. పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, ఇన్నేళ్లూ ఈ ఊళ్లో డబ్బా చిక్కుళ్లు తిని బతికానని వాపోయాడు.

"మీ నాన్నది బొగ్గు గనా? నేనుండేది గని కార్మికుడి ఇల్లే" అన్నాడు మొదటిసారి మాట్లాడినప్పుడు. ఆ ఇంటి సంగతి తర్వాత చెబుతాను. ముందు పని సంగతి.

లిఫ్ట్ దగ్గర నిలబడడం అంటే ఊరికే నిలబడడం కాదు. పాతరకం లిఫ్టుల్లో కుర్చీని కేబుల్‌కి గట్టిగా బిగించేస్తారు. జనం ఎక్కే చోట కూడా అది నెమ్మదించదు. ఆరేడు సెకన్లకో కుర్చీ తిరిగి వస్తుంటుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకుని, దాని ఊపును భుజంతో, నడుముతో కాచుకుని, మనం కూర్చునే క్షణానికి మెత్తగా అందించాలి. దీన్ని వాళ్లు బంప్ చెయ్యడం అంటారు. రోజంతా ఇదే పని. ఆ చేతులు చేస్తుండగానే కళ్లు వేరే పని చేస్తుంటాయి: ఎవరి బ్యాగు పట్టీ వేలాడుతోంది, ఏ పిల్లాడు సగమే కూర్చున్నాడు, ఎవరి కర్రలు అడ్డం పడ్డాయి. మనవాళ్లు పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెడదామని సరిగ్గా ఆఖరి క్షణంలో స్థానాలు మార్చుకుంటారు. ఆ గందరగోళం మొదలవక ముందే పెద్దాయన చెయ్యి స్టాప్ బటన్ మీద ఉంటుంది. లిఫ్ట్ ఆగగానే వెనక వరుసలో ఎవరో విసుక్కుంటారు. ఆగకపోతే ఏమయ్యేదో వాళ్లకు తెలియదు, తెలియకుండా చూడడమే ఆయన పని.

ఆయన వేసుకునేవి కింకో చేతి తొడుగులు. పంది తోలువి, పసుపురంగువి, పొలం పనులకూ గోదాము పనులకూ వాడే రకం. కొండ మీద పనిచేసేవాళ్లలో సగం మంది చేతికి అవే కనిపిస్తాయి. కొనగానే తొడుక్కోరు. ఓవెన్‌లో కాస్త వెచ్చబెట్టి, స్నో సీల్ అనే మైనం పట్టించి, అది తోలులోకి ఇంకేదాకా మళ్లీ వెచ్చబెడతారు. అప్పుడుగాని తడి లోపలికి దిగదు. పెద్దాయన జతకి బొటనవేలి దగ్గర తోలు అరిగి టేపు చుట్టి ఉంటుంది, కుర్చీ తగిలేది అక్కడే. రిసార్టు దుకాణంలో పర్యాటకులకు అమ్మే తొడుగులు రెండొందల డాలర్లు పలుకుతాయి. వాటితో ఒక్క సీజన్ బంప్ చేస్తే చిరిగి పీలికలవుతాయంటాడు.

ప్యాట్రోల్ పని ఇంకో లోకం. మనం చూసేది ఎర్ర జాకెట్, దెబ్బ తగిలినవాణ్ణి కట్టుకుని కిందికి లాక్కొచ్చే స్లెడ్జి. అసలు పని మనం పార్కింగ్‌లో బూట్లు తొడుక్కోక ముందే అయిపోతుంది. కొలరాడో మంచుకు ఒక జబ్బుంది. అక్టోబరు, నవంబరుల్లో పల్చగా పడి, చాలా రోజులు అలాగే ఉండిపోతుంది. కింద నేలలో ఇంకా వెచ్చదనం ఉంటుంది, పైన గాలి గడ్డకట్టించే చలి. ఈ తేడాకి కింది పొరలోని ఆవిరి పైకి లేస్తూ, మంచు రేణువుల్ని పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. పిడికిట పట్టుకుంటే ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. డిసెంబరులో, జనవరిలో దానిమీద బరువైన మంచు పేరుకుంటుంది. అడుగున పట్టులేని ఆ పొర ఏదో ఒక రోజు జారుతుంది, పైనున్నదంతా పలకలా విరిగి కిందికొస్తుంది. అందుకే చాలాచోట్ల సీజన్ మొదట్లో మనుషులు వరసలు కట్టి ఆ వాలుల్ని బూట్లతో తొక్కుతారు, ఆ పంచదార పొర నలిగి గట్టిపడాలని. ఆ తర్వాత, మంచు కురిసిన ప్రతి తెల్లవారుజామునా పేలుడు మందు పట్టుకుని అంచుల మీదికి వెళ్లి, జారేదేదో జనం రాకముందే జారేలా చేస్తారు. 1984 మార్చి 31న ఆస్పెన్ హైల్యాండ్స్‌లో ఈ పనిలో ఉండగానే ముగ్గురు ప్యాట్రోలర్లు చనిపోయారు. పెద్దాయన అప్పటికి కొండకు కొత్త. ఆ వార్త విన్న మర్నాడు కూడా లిఫ్టులు మామూలుగానే నడిచాయి అని చెప్పి, ఇంకేమీ అనలేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక స్నోక్యాట్ ఎక్కాడు. ముందు పెద్ద పార, వెనక తిరిగే పళ్లు, కింద వెడల్పాటి పట్టాలు ఉన్న బండి అది. బాగా నిటారుగా ఉన్నచోట పైన కొక్కేనికి ఇనుప తాడు తగిలించి, దాని ఆసరాతో దిగుతూ ఎక్కుతూ మంచును సాపు చెయ్యాలి. అర్ధరాత్రి ఎక్కితే పొద్దున దిగడం. మనం ఎనిమిదిన్నరకు మొదటి లిఫ్ట్ ఎక్కి, కొత్తగా దున్నిన చేనులా చాళ్లు తీరి ఉన్న వాలు చూసి ఫొటో తీసుకుంటాం, ప్రకృతి ఎంత బాగుందో అని కింద రాస్తాం. అది ప్రకృతి కాదు, నైట్ షిఫ్ట్. నవంబరు వాలుల్లోనైతే ఆ మంచు కూడా చాలావరకు ఆకాశం నుంచి పడింది కాదు. కొలనులోంచో ఏటిలోంచో తోడిన నీళ్లను గాలితో కలిపి గన్నులతో చిమ్మి, చలి రాత్రుల్లో మనుషులు తయారుచేసింది.

ఇదంతా ఆయనకు ఇష్టమే. ఆ మాట దాచడు. ఫిబ్రవరిలో మైనస్ ముప్ఫైలో కూడా పని మానబుద్ధి కాదంటాడు. నా తగాదా ఆ ఇష్టంతో కాదు, ఆ ఇష్టాన్ని జీతంలోంచి కోసుకునేవాళ్లతో. కోడ్ రాయడమంటే నాకూ ఇష్టమే. నా మేనేజర్ మాత్రం ఇంతవరకూ "నీకెలాగూ ఇష్టం కదా, ఓ నాలుగు డాలర్లు తగ్గిద్దాం" అనలేదు. డాక్టర్ని అనరు. పైలట్‌ని అనరు. కొండ మీద పనిచేసేవాడికే ఆ మాట ఎందుకు చెల్లుతోంది? పక్కన చూడ్డానికి కొండ ఉంది కాబట్టి. అక్కడివాళ్లు ఎప్పటినుంచో చెప్పుకునే ఎత్తిపొడుపు ఒకటుంది, జీతంలో సగం దృశ్యం రూపంలో ఇస్తారని. ఇంటి ఓనరు మాత్రం అద్దె దృశ్యం రూపంలో తీసుకోడు.

లెక్క చూడండి. ఎపిక్ పాస్ అమ్మే వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2022లో తమ కనీస వేతనం గంటకు 20 డాలర్లు చేస్తున్నట్టు ప్రకటించింది, కొత్తగా చేరే ప్యాట్రోలర్‌కి 21. గంటకు 21 చొప్పున వారానికి 40 గంటలు, ఐదు నెలల సీజన్ చేస్తే చేతికొచ్చేది పన్నులు పోకముందు 18,000 డాలర్ల చిల్లర. పేలుడు మందు వాడడం, ప్రథమ చికిత్స, తాళ్లతో లిఫ్టులోంచి జనాన్ని దింపడం, అన్నీ వచ్చి ఉండాలి ఆ డబ్బుకి. అదే కంపెనీ వెయిల్ కొండ మీద రద్దీ రోజుల్లో కౌంటర్ దగ్గర అమ్మే ఒక రోజు టికెట్ 300 డాలర్లు దాటింది.

2024 డిసెంబరు 27న అదే కంపెనీ నడిపే యూటాలోని పార్క్ సిటీ కొండ మీద ప్యాట్రోలర్లు సమ్మెకు దిగారు. సుమారు 200 మంది. మూల వేతనం 21 నుంచి 23 డాలర్లు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్. సరిగ్గా ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ జనం వచ్చే వారం అది. మంచు బాగానే పడింది, కొండలో ఎక్కువ భాగం మాత్రం తెరవలేకపోయారు. ఇంకా వేరే కొండల నుంచి సూపర్‌వైజర్లను రప్పించినా ఆ పరిస్థితే. గంటల తరబడి వరసల్లో నిలబడ్డవాళ్లు ముందు ప్యాట్రోలర్లను తిట్టుకుంటారని అనుకుంటాం. ఆ వరసల్లోంచే "మీ ఉద్యోగులకు జీతాలివ్వండి" అన్న నినాదాలు లేచాయి. జనవరి రెండోవారంలో ఒప్పందం కుదిరింది, మూల వేతనం 2 డాలర్లు పెరిగింది, అనుభవం ఉన్నవాళ్లకు అంతకన్నా బాగా ఎక్కువ.

ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో "హాలిడే ట్రిప్ పాడుచేశారు, రెండు డాలర్ల కోసం" అన్న మెసేజీలు నేను చూశాను. సింగరేణి సమ్మెలు చూసి పెరిగిన నాకు నవ్వొచ్చింది. సమ్మె ఎప్పుడు చెయ్యాలి మరి, జూన్‌లోనా? మంచు లేనప్పుడు ప్యాట్రోలర్ పని మానేస్తే గమనించేదెవరు?

ఎపిక్ పాస్ గురించి కూడా ఒక మాట. 2008లో 579 డాలర్లకు అది మొదలయ్యాకే మనలాంటివాళ్లు కుటుంబాలతో కొండెక్కడం సాధ్యమైంది, కాదనను. కాని ఆ పాస్ చేసిన అసలు పని వేరు. మంచు పడకముందే, ఎండాకాలంలోనే మన డబ్బు కంపెనీకి చేరిపోతుంది. ఆ చలికాలం మంచు పడకపోతే కంపెనీకి దెబ్బ మునుపటంత గట్టిగా తగలదు. గంటలు తగ్గేది పెద్దాయనకి. లిఫ్ట్ తెరవకపోతే ఆయన్ని రావొద్దంటారు, ఆ రోజు జీతం లేదు. వాతావరణంతో జూదం కంపెనీ మానేసింది, కూలీ మాత్రం ఇంకా ఆడుతున్నాడు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. నా వాదనలో అసలు ముడి అక్కడే ఉంది.

లెడ్‌విల్ నుంచి పదమూడు మైళ్ల దూరంలో, ఫ్రీమాంట్ కనుమ దగ్గర క్లైమాక్స్ గని ఉంది. మాలిబ్డినం గని, ఉక్కులో కలిపే లోహం. ఒకప్పుడు ప్రపంచానికి కావలసినదాంట్లో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చేది, దాదాపు 3,000 మంది పనిచేసేవారు. 1982లో ఉక్కు గిరాకీ, దాంతోపాటే మాలిబ్డినం ధరలు పడిపోయి గని మూతపడింది. ఊరు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఇళ్లకు తాళాలు వేసి, కొందరు బ్యాంకుకు తాళంచెవులు అప్పగించి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు బస్సెక్కి వెయిల్‌కీ కాపర్ మౌంటెన్‌కీ హోటల్ గదులు తుడవడానికి వెళ్లారు. అలా ఖాళీ అయిన ఒక కార్మికుడి ఇల్లు పెద్దాయన ఎనభైల చివర్లో కొన్నాడు. ఎంతకు కొన్నాడో చెప్పాడు గానీ, ఇక్కడ రాస్తే బ్రెకెన్‌రిడ్జ్‌లో అద్దెకుంటున్నవాళ్లు ఏడుస్తారు.

"నేను ఇక్కడ నిలబడ్డానంటే ధైర్యం వల్ల కాదు. నాకన్నా ధైర్యం ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. నాకు ఆ ఏడాది ఇల్లు దొరికింది, అంతే" అంటాడు.

ఈ ఒక్క ఊరి కథే కాదిది. బ్రెకెన్‌రిడ్జ్ బంగారం ఊరు, ఏటిని తవ్వే చివరి డ్రెడ్జి 1942లో ఆగింది, స్కీ కొండ 1961లో తెరిచారు. క్రెస్టెడ్ బ్యూట్‌లో పెద్ద బొగ్గు గని 1952లో మూసేశారు. పార్క్ సిటీలోనైతే 1963లో స్కీయింగ్ మొదలుపెట్టింది సాక్షాత్తూ గని కంపెనీయే, ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో. స్కీయర్లను గని సొరంగంలోంచి రైల్లో తీసుకెళ్లి, పైకి లిఫ్టులో లేపేవారు. టెలురైడ్‌దీ అదే వరస. ఈ ఊళ్లన్నిటా గని పోయింది, ఇళ్ల ధరలు నేలకు దిగాయి, అప్పుడు వచ్చిన కుర్రాళ్లు చిన్న జీతంతో బతకగలిగారు. ఆ స్వేచ్ఛా జీవితం, ఆ పాత జీపు, ఆ గడ్డాలు, అదంతా గని కార్మికుడి ఇంటి ధర పడిపోవడం వల్ల దొరికిన బతుకు. ప్రకటనలవాళ్లు అందులోంచి గని కార్మికుణ్ణి తీసేసి గడ్డాన్ని మాత్రం ఉంచుకున్నారు.

ఆ ధరలు ఇక రావు. అయినా జీతాలు మాత్రం ఆ ధరలు ఇంకా ఉన్నట్టే ఇస్తున్నారు. "వాళ్లు ఎంచుకున్న జీవితం కదా" అనేవాళ్లకు నా జవాబు ఇదే: పెద్దాయనకు ఎంచుకునే వీలుండింది. ఇప్పుడు ఆయన పక్కన లిఫ్ట్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి లేదు. వాడు ఎంత ప్రేమించినా మూడు సీజన్లలో వెళ్లిపోతాడు. ఆ కొండ మీద ఏ వాలు ఏ గాలికి జారుతుందో తెలియడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

మా నాన్నకు సింగరేణి క్వార్టర్ ఇచ్చింది. రిటైరైన రోజు ఖాళీ చేశాం, నిజమే, ఆ బాధ వేరే కథ. కాని పనిచేసినన్నాళ్లూ బాయికి దగ్గర్లో గూడు ఉండాలన్నది బేరంలో భాగం. ఏటా దసరా ముందు లాభాల్లో వాటా కూడా. దేశం వేరు, కాలం వేరు, అది ప్రభుత్వ కంపెనీ అని అంటారు. కొలరాడో స్కీ కొండల్లో చాలావాటికి భూమి ఎవరిది? ప్రభుత్వానిదే. బ్రెకెన్‌రిడ్జ్, వెయిల్, కీస్టోన్ అన్నీ వైట్ రివర్ జాతీయ అటవీ భూమిలో అనుమతి పత్రం మీద నడుస్తున్నవే. ప్రజల కొండ మీద వ్యాపారం చేసేటప్పుడు, ఆ కొండను నడిపేవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు అని అడగడం అత్యాశ కాదు.

అడిగితే ఏమవుతుందో వెయిల్‌లో చూశాం. ఊరి తూర్పు కొసన కంపెనీ తన సొంత స్థలంలో ఉద్యోగులకు 165 మంది పట్టే వసతి కడతానంది. ఆ వాలు కొండగొర్రెల చలికాలపు మేత స్థలం. వద్దంది ఊరు. ఏళ్ల తరబడి గొడవ నడిచి, 2022లో పట్టణ కౌన్సిల్ ఆ స్థలాన్ని బలవంతంగా సేకరించడానికే ఓటు వేసింది. ఇందులో నాకు ఏ పక్షమూ పూర్తిగా నచ్చలేదు. గొర్రెలకు నిజంగానే వేరే చోటు లేదు, కంపెనీ అంతకుముందే ఇంకెక్కడైనా కట్టి ఉండొచ్చు. కానీ అదే లోయలో, అదే వాలు పాదాన కోట్ల విలువైన ఇళ్లు ముందే ఉన్నాయి. గొర్రెలు గుర్తొచ్చింది లిఫ్ట్ కుర్రాళ్లు పక్కింటికొస్తారన్నాకే.

దారులు లేవని కాదు. బ్రెకెన్‌రిడ్జ్‌లో వెల్లింగ్టన్ నైబర్‌హుడ్ ఉంది. బంగారం డ్రెడ్జి తవ్వి పోసిన గులకరాళ్ల గుట్టల మీద కట్టిన ఇళ్లు అవి. వాటిలో ఎక్కువభాగం ఇళ్లకు దస్తావేజులోనే షరతు ఉంది: కౌంటీలో పనిచేసేవాళ్లే ఉండాలి, అమ్మేటప్పుడు ధర ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. వెయిల్ పట్టణం కొన్నేళ్లుగా, ముందే కట్టి ఉన్న ఇళ్లకే డబ్బిచ్చి ఇలాంటి షరతు రాయించుకుంటోంది. 2021లో బ్రెకెన్‌రిడ్జ్ రోజువారీ అద్దె లైసెన్సులకు పరిమితి పెట్టింది. అప్పుడు మన గ్రూపులో జరిగిన చర్చ గుర్తుంది, ప్రైవేటు ఆస్తి మీద దాడి అన్నారు. అద్దెకు గది దొరక్క కారులో పడుకుని పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాడికి కూడా ఏదో ఒకటి ఉంటే బాగుణ్ణు, దాడి చెయ్యడానికైనా.

మనకూ వాళ్లకూ సంబంధం లేదనుకునేవాళ్లకు ఇంకో సంగతి గుర్తుచేస్తాను. 2020 జూన్ 22న ట్రంప్ సంతకం పెట్టిన ప్రకటన మనందరికీ హెచ్-1బీ కాగితంగానే గుర్తు. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లి ఇరుక్కుపోయినవాళ్ల కథలు ఎన్ని విన్నాం! అదే కాగితంలో జే-1 వీసాలు కూడా ఉన్నాయి. పెరూ, అర్జెంటీనా, చిలీల్లో డిసెంబరు అంటే ఎండాకాలం సెలవులు. అక్కడి కాలేజీ పిల్లలు ఆ వీసా మీద వచ్చి స్కీ కొండల్లో లిఫ్టులు, వంటిళ్లు, అద్దె స్కీల కౌంటర్లు నడుపుతారు. ఆ ఏడు వాళ్లు రాలేదు. ఒకే సంతకంతో ఆగిన మనుషులం. మనం అక్కడికి వెళ్లినప్పుడు టిప్ జారులో ఐదు డాలర్లు వేసి చేతులు దులుపుకుంటాం.

పెద్దాయన ఇంట్లో వెనక గది ఒకటుంది, పాత రోజుల్లో కట్టెలు పెట్టుకునే కొట్టు. నిరుటి నుంచి అందులో ఒక అమ్మాయి ఉంటోంది, ప్యాట్రోల్‌లో రెండో సీజన్. లెడ్‌విల్‌లో కూడా అద్దెలు ఆ అమ్మాయికి అందనంత పైకి పోయాయి. అద్దె కింద ఆయన ఇంటి ముందు మంచు తీస్తుంది, తెల్లవారుజామున ఆయన్ని కూడా తన కారులో కొండకు తీసుకెళ్తుంది. ఆయన మోకాలికి క్లచ్ తొక్కడం కష్టంగా ఉందిప్పుడు. ఆయన ఇల్లు అమ్మేస్తే ఆ అమ్మాయి ఎక్కడికెళ్తుందో ఇద్దరికీ తెలుసు, మాట్లాడుకోరు.

సిల్వర్‌థార్న్‌లో మావాడొకడికి కాండో ఉంది. ఖమ్మం కుర్రాడు, మంచివాడు, నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆ ఊరుండే సమ్మిట్ కౌంటీలో 2021లో ఒక పథకం మొదలుపెట్టారు, రోజువారీ అద్దెకిచ్చే ఇంటిని స్థానికంగా పనిచేసేవాళ్లకు నెలల లెక్కన ఇస్తే ఓనరుకు ఎదురు డబ్బిచ్చేది. అలాంటిది ఇప్పుడేముందో కనుక్కుని, లేకపోయినా సరే, నీ కాండో ఆ అమ్మాయికీ ఆమె స్నేహితురాలికీ అద్దెకివ్వరా అని పోయిన నెల అడిగాను. ఎక్సెల్ తెరిచి చూపించాడు. "ఇంత తగ్గుతుందన్నా" అన్నాడు. తగ్గుతుంది, అబద్ధం చెప్పలేదు. తగ్గినా కాండో అప్పు కట్టడానికి సరిపోతుంది కదా అన్నాను. సరిపోతుందన్నాడు. మరి ఇబ్బందేమిటంటే, "మనకెప్పుడైనా వెళ్లి ఉండాలనిపిస్తే?" అన్నాడు.

పోయిన చలికాలం ఎన్నాళ్లున్నావురా అని అడిగాను. క్రిస్మస్ వారంలో నాలుగు రాత్రులట. మిగతా రోజుల్లో బుకింగ్ లేనప్పుడు హీటర్ తక్కువలో పెట్టి, పైపులు గడ్డకట్టకుండా చూడడానికి ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషి ఎక్కడుంటాడని అడిగితే తెలియదన్నాడు.